నేను గట్టిగా చదివిన లిఫ్టింగ్ ప్లాన్

రెండువేల పదహారు మార్చిలో నన్ను సింగపూర్ పడమటి చివర, తువాస్‌లో ఉన్న ఒక యార్డుకి లిఫ్టింగ్ సూపర్‌వైజర్‌గా వేశారు. యార్డు నడిపేది ఒక కొరియా కంపెనీ. పని ఇచ్చింది గల్ఫ్‌లోని ఒక అరబ్ చమురు కంపెనీ. అక్కడ ఎడారిలో నిలబెట్టాల్సిన ప్లాంటుని ఇక్కడ ముక్కలుగా తయారుచేసి ఓడకెక్కించటం మా పని. ఇరవై నెలల కాంట్రాక్టు. అప్పటికి నాకు యాభై తొమ్మిదేళ్ళు.

ఇది చదివేవాళ్ళలో ఎక్కువమంది సింగపూర్ ఆఫీసుల పేట రాఫెల్స్ ప్లేస్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు కాబట్టి నా పనేమిటో ముందు చెప్పాలి. క్రేనుతో ఏ వస్తువు లేపాలన్నా ఒక కాగితం తయారవ్వాలి. దాన్ని లిఫ్టింగ్ ప్లాన్ అంటారు. వస్తువు బరువెంత, క్రేను దానికి ఎంత దూరంలో నిలబడుతుంది, ఆ దూరం నుంచి ఆ క్రేను ఎంత మొయ్యగలదు, దానికి ఏ స్లింగులు, అంటే ఏ ఇనప తాళ్ళు కట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. ఇంజినీరు రాస్తాడు, సైటు పెద్ద సంతకం పెడతాడు, అందరికంటే చివర లిఫ్టింగ్ సూపర్‌వైజర్ సంతకం పెడతాడు. నా కింద స్లింగులు కట్టే రిగ్గర్లు, క్రేను ఆపరేటరుకి చేత్తో సైగలు చేసే సిగ్నల్‌మాన్ ఉంటారు. బరువు నేల విడిచిన దగ్గర్నుంచి మళ్ళీ ఎక్కడో ఒకచోట ఆనేదాకా అక్కడ సూపర్‌వైజర్ మాటే చెల్లుతుంది. సైటు పెద్ద కూడా పక్కన నిలబడి చూడాల్సిందే.

నేను బడికి పోలేదు. పాతికేళ్ళ వయసులో శ్రీకాకుళం జిల్లా నుంచి సౌదీ వెళ్ళి స్లింగులు కట్టే పనిలో చేరాను. అక్కడా కొరియా కంపెనీయే, అక్కడా అరబ్ యజమానులే. ముప్పై ఒకటో ఏట క్యాంపులో వంట చేసే ఒక నెల్లూరాయన నాకు తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఇంగ్లీషు అక్షరాలు క్రేను క్యాబిన్లో అంటించే బరువుల పట్టిక మీద నేర్చుకున్నాను. సింగపూర్ వచ్చాక పరీక్ష రాసి సూపర్‌వైజర్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఆలస్యంగా నేర్చినవాణ్ణి కాబట్టి ఈ రోజుకీ పెదవులు కదపకుండా చదవలేను. ముఖ్యమైన కాగితమైతే గొంతెత్తి చదివితేగాని నాకు బుర్రకెక్కదు.

కొరియావాళ్ళు పరుగెత్తిస్తారు, అరబ్బులు రేపంటారు. పరాయి దేశం నుంచి వచ్చి ఈ రెండు రకాల యజమానుల దగ్గరా చేసినవాళ్ళందరూ అనే మాట ఇది. ఫిలిప్పీన్సువాళ్ళు అంటారు, ఇంగ్లండువాళ్ళు అంటారు, మనవాళ్ళూ అంటారు. నేనూ మొదట్లో అన్నాను. ముప్పై ఏళ్ళు చూశాక తెలిసిందేమిటంటే, తేడా అంతా గడియారంలో ఉంది, మనుషుల్లో లేదు. కూర్చోబెట్టటం, తినిపించటం, పెద్దరికం చూడటం, కోపం దాచటం, వీటిలో ఇద్దరూ ఒక ఇంట్లో పెరిగినవాళ్ళలా ఉంటారు.

యార్డుకి పెద్ద చో అనే ఆయన. సైటు పెద్దని కొరియావాళ్ళు సోజాంగ్ అంటారు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, చో సోజాంగ్ అనాలి. మొదటి రోజే నా వయసెంతని అడిగాడు. చెప్పాను. ఆయనకి యాభై మూడు. అప్పటినుంచి ఆఫీసులో ఆయన నాకు పెద్ద, భోజనం బల్ల దగ్గర నేను ఆయనకి పెద్ద. నా పేరు సింహాచలం అంటే నోరు తిరగక సిమ్ అన్నాడు. సిమ్ అనే ఇంటిపేరు కొరియాలో ఉందట. మేస్త్రీని వాళ్ళు బన్‌జాంగ్ అంటారు. అలా నేను సిమ్ బన్‌జాంగ్ అయ్యాను.

చమురు కంపెనీ తరఫున యార్డులో కూర్చున్నాయన అబూ ఫైసల్. అంటే ఫైసల్ వాళ్ళ నాన్న. అసలు పేరు కాగితాల మీదే ఉండేది. ఆయన కూడా మొదటి రోజు నా వయసు అడిగాడు, తర్వాత పిల్లలెంతమందని అడిగాడు. ఒక్కతే కూతురు లక్ష్మి అంటే, అబూ లక్ష్మి అని పిలవటం మొదలుపెట్టాడు. ఈ సంగతి చో సోజాంగ్‌కి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. కొరియాలో ఇరుగుపొరుగు ఆయన్ని పెద్దకొడుకు పేరు చెప్పి ఫలానావాడి అప్పా అనే పిలుస్తారట. మా ఆవిడ కూడా నన్ను లక్ష్మి నాన్న అనే అంటుంది. ముగ్గురం ఆ మాట మీద చాలాసేపు నవ్వుకున్నాం.

ఒకసారి చో సోజాంగ్ మమ్మల్ని హలాల్ దొరికే కొరియా హోటలుకి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం అతిథి కోసం ఆయన కూడా మందు ముట్టలేదు. నాకు టీ పోసేటప్పుడు ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించి, తల వంచి పోశాడు. వడ్డన అయింది. ఎవరూ ముట్టుకోరు. నేనేమో పెద్ద ఉద్యోగస్థులు మొదలుపెట్టాలని చూస్తున్నాను. చివరికి అబూ ఫైసల్ నవ్వి, "అబూ లక్ష్మీ, పెద్దవాడివి నువ్వు చెంచా ఎత్తకపోతే మేమిద్దరం ఈ పూట పస్తే" అన్నాడు. చో సోజాంగ్ కూడా నా చెంచా వైపే చూస్తున్నాడు. ఒకరి ఆచారం ఒకరికి ఎవరూ చెప్పలేదు. ఇద్దరిదీ ఒకటే.

ఇంకొకటి కూడా ఒకటే. అదే అన్నిటికంటే ముఖ్యం. ఇద్దరూ "కాదు" అన్న మాట ఎదురుగా అనరు. తప్పు చేసినవాడికి నువ్వు తప్పు చేశావని చెప్పరు. మూడో మనిషి చేత, వేరే మాట మీద పెట్టి చెప్పిస్తారు. ఆ యార్డులో మూడో మనిషిని నేను. ఒకసారి అబూ ఫైసల్ కింద ఉన్న ఇన్‌స్పెక్టరు మా వెల్డింగు కాగితాలు వారాల తరబడి తొక్కిపెట్టాడు. చో సోజాంగ్ నన్ను పిలిచి, ఆ అబ్బాయి ఒంట్లో బాగుందో లేదో అబూ ఫైసల్‌ని కనుక్కోమన్నాడు. కనుక్కున్నాను. అబూ ఫైసల్ కాఫీ తాగటం ఆపి, బాగానే ఉన్నాడు, రేపటినుంచి ఇంకా బాగుంటాడు అన్నాడు. మర్నాడు కాగితాలన్నీ కదిలాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

ఈ రాయబారం నాకు బాగా తలకెక్కింది. మా జిల్లా రిగ్గరు అప్పలరాజు ఎగతాళి చేసేవాడు: "మావా, కొరియావోడు నీకు తమ్ముడు, అరబ్బోడు బావ. మావెవులం నీకిప్పుడు?" నేను కసురుకునేవాణ్ణి గాని లోపల సంతోషమే. కొత్తగా చేరినవాళ్ళని కూర్చోబెట్టి, కొరియావాళ్ళ దగ్గర ఇలా ఉండాలి, అరబ్బుల దగ్గర అలా ఉండాలి అని పాఠాలు చెప్పేవాణ్ణి.

రెండువేల పదిహేడు ఆగస్టులో పెద్ద కాలమ్ లేపే పని వచ్చింది. కాలమ్ అంటే నాలుగంతస్తుల ఎత్తుండే ఉక్కు గొట్టం. అప్పటిదాకా నేల మీద పడుకోబెట్టి ఉన్నదాన్ని రెండు క్రేన్లతో లేపి, నిలువు చేసి, కింద కట్టిన చట్రం మీద నిలబెట్టాలి. కాంట్రాక్టు మొత్తంలో అదే పెద్ద లిఫ్టు. దాన్ని చూడటానికి సియోల్ నుంచి కంపెనీ డైరెక్టరు ఒకాయన వస్తున్నాడు. ఆయన వచ్చేది కాలమ్‌ని చూడటానికే కాదని యార్డులో అందరికీ తెలుసు. చో సోజాంగ్‌కి యాభై నాలుగు నిండాయి. ఆ వయసుకి డైరెక్టర్ల వరసలోకి ఎక్కకపోతే ఆ కంపెనీలో ఇంటికి పంపేస్తారు. ఎక్కిస్తారా, పంపేస్తారా అన్నది ఆ ఏడాదే తేలాలి. ఆ సంగతి నాకూ బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

లిఫ్టుకి ముందురోజు మధ్యాహ్నం ప్లాన్ నా చేతికొచ్చింది. ఇంజినీరు రాశాడు, చో సోజాంగ్ సంతకం ఉంది, నా సంతకం మిగిలింది. రిగ్గర్లందరూ చుట్టూ ఉండగా చో సోజాంగ్ కాగితం నాకిచ్చి, "సిమ్ బన్‌జాంగ్, ఇంటికి తీసుకెళ్ళు. నీకు చదవటానికి టైమ్ పడుతుంది కదా" అన్నాడు. ఆయన మంచికే అన్నాడని ఇప్పుడు తెలుసు. తొందరపెట్టి సంతకం పెట్టించుకోకూడదని అన్నాడు. అప్పుడు మాత్రం వెనక అప్పలరాజు కిసుక్కున నవ్వింది ఒక్కటే నాకు వినిపించింది.

ఆ సాయంత్రం అబూ ఫైసల్, చో సోజాంగ్, నేను కాలమ్ చుట్టూ ఒకసారి తిరిగాం. అబూ ఫైసల్ గుమాస్తా ఖాదర్ నోట్‌బుక్ పట్టుకుని వెనకాల వచ్చాడు. ఖాదర్ హైదరాబాద్ వాడు, ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. కాలమ్‌కి మధ్యలో ఒక ఇనప ప్లాట్‌ఫారం, దానికి ఎక్కే నిచ్చెన ఉన్నాయి. మనుషులు పైన నిలబడి పనిచేసుకోవటానికి అవి. మామూలుగా కాలమ్ నిలబడ్డాక బిగిస్తారు. ఈసారి ఎత్తు మీద పని తగ్గుతుందని ఆ వారమే నేల మీదే బిగించేశారు. అబూ ఫైసల్ దాని దగ్గర ఆగాడు. బోల్టుల మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత, ఈ ప్లాట్‌ఫారం పెయింటు నాకు నచ్చలేదు, విప్పించి మళ్ళీ వేయించండి, కాలమ్ నిలబెట్టాక తీరిగ్గా బిగించుకోవచ్చు అన్నాడు. అంటూ ఒకసారి నా వైపు చూశాడు. చో సోజాంగ్ ప్లాట్‌ఫారాన్ని కాసేపు చూసి, అవును, పెయింటు బాగాలేదు అన్నాడు.

పెయింటు నిగనిగలాడుతోంది. వేసి వారం కాలేదు. ఇంత పెద్ద లిఫ్టు ముందు పెట్టుకుని ఈయనకి పెయింటు గుర్తొచ్చిందేమిటని మనసులో విసుక్కున్నాను. నా మనసంతా సంచీలో ఉన్న కాగితం మీదే ఉంది.

మర్నాడు పొద్దున్న నేనుండే టోవా పాయో నుంచి బయల్దేరి, కంపెనీ బస్సులో ప్లాన్ విప్పాను. వేలు పెట్టి వరస వరస చదివాను. బరువుల పట్టికలో కాలమ్ ఉంది, కొక్కెం ఉంది, స్లింగులు ఉన్నాయి. ప్లాట్‌ఫారం లేదు. నిచ్చెన లేదు. వాటిని బిగించక ముందు రాసిన ప్లాన్ అది, తర్వాత ఎవరూ దిద్దలేదు. ఆ రెండింటి బరువూ కలిపితే ఆ దూరంలో పెద్ద క్రేను కంపెనీ పెట్టిన హద్దు దాటుతుంది. దాటగానే క్రేను పడిపోతుందని కాదు గాని, అలా లేపటానికి వీల్లేదు. ఇది చూశాక నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. ఇంజినీరు చూడనిది, సోజాంగ్ చూడనిది, నేను చదివి పట్టుకున్నాను.

లిఫ్టుకి ముందు మీటింగు పెట్టటం నియమం. ఎనిమిదింటికి కంటెయినర్ ఆఫీసులో అందరం చేరాం. సియోల్ డైరెక్టరు బల్లకి ఆ చివర కూర్చున్నాడు. ఆయన పక్కన అబూ ఫైసల్, ఖాదర్. ఇటు చో సోజాంగ్, ఇంజినీరు. సేఫ్టీ ఆఫీసరు లిమ్ అనే సింగపూర్ చైనీయుడు, రిగ్గర్లు గోడవారగా నిలబడ్డారు. చో సోజాంగ్ లేచి, లిఫ్టు తొమ్మిదింటికి కాదు, మధ్యాహ్నం రెండింటికి అన్నాడు. ప్లాట్‌ఫారం, నిచ్చెన పెయింటు కోసం విప్పుతున్నారని, ఫిట్టర్లు పని మొదలుపెట్టారని చెప్పాడు. డైరెక్టరు మొహం చిట్లించాడు. వెంటనే అబూ ఫైసల్ అందుకుని, అది తన కోరికేనని, పెయింటు విషయంలో తను మొండివాడని, అందరూ మన్నించాలని అన్నాడు. డైరెక్టరు నవ్వి తలూపాడు. ఎవరికైనా సందేహాలున్నాయా అని చో సోజాంగ్ అడిగాడు. ఆ ప్రశ్న ప్రతి మీటింగులోనూ అడుగుతారు. జవాబు కోసం కాదు.

నేను కాగితం విప్పి లేచాను. బరువుల పట్టిక పైనుంచి కిందిదాకా గొంతెత్తి చదివాను. ఒక్కొక్క వరసా చదివాను. చదివాక ఇలా అన్నాను:

"పెయింటు సంగతి తర్వాత చూడొచ్చు. ఇందులో ప్లాట్‌ఫారం బరువు లేదు, నిచ్చెన బరువు లేదు. కింద సంతకం చో సోజాంగ్‌ది. ఇది చదవటానికి నాకు ఎక్కువ టైమ్ పట్టలేదు."

ఆ చివరి మాట అనటానికే లేచానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అబూ ఫైసల్ తన కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. డైరెక్టరు కొరియా భాషలో ఏదో అడిగాడు, చిన్న ప్రశ్న. చో సోజాంగ్ అవునని ఒక్క మాటే అన్నాడు. తర్వాత బల్ల చుట్టూ నడిచి నా దగ్గరికి వచ్చి, రెండు చేతులతో కాగితం అందుకుని, తల వంచి, థాంక్యూ సిమ్ బన్‌జాంగ్ అన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఏమీ లేదు. బయటికి వచ్చాక లిమ్ నా భుజం తట్టి, సింగపూర్ యాసలో, "గుడ్ క్యాచ్, అంకుల్. దిస్ వన్ మస్ట్ రిపోర్ట్, లా" అన్నాడు. ఆయన పని ఆయన చేశాడు, నియమం ప్రకారం అది రాయాల్సిందే. నేను ఛాతీ విరుచుకుని క్రేను దగ్గరికి పోయాను. అక్కడ ఫిట్టర్లు ప్లాట్‌ఫారం బోల్టులు దాదాపు విప్పేశారు. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

రిపోర్టు పడ్డాక ఆ రోజు లిఫ్టు జరగలేదు. డైరెక్టరు సాయంత్రం విమానానికి వెళ్ళిపోయాడు. ప్లాన్ మళ్ళీ రాసి, మళ్ళీ సంతకాలు పెట్టి, మూడు రోజుల తర్వాత కాలమ్ నిలబెట్టాం. చిన్న ఊపు కూడా లేకుండా కూర్చుంది. నెల తిరక్కుండా కంపెనీ నాకు సేఫ్టీ అవార్డు ఇచ్చింది. సర్టిఫికెట్ మీద నా పేరు నేనే చదువుకున్నాను. ఫొటోలో చో సోజాంగ్ నా పక్కన నిలబడి ఉన్నాడు. ఆ అవార్డు వద్దని అనాలని అప్పుడు నాకు అనిపించలేదు.

తర్వాత రెండు మార్పులు గమనించాను. చో సోజాంగ్ పొద్దున్న కాఫీకి పిలవటం మానేశాడు. అబూ ఫైసల్ నన్ను సూపర్‌వైజర్ అని పిలవటం మొదలుపెట్టాడు. ఇద్దరూ మర్యాదకి ఏ లోటూ చెయ్యలేదు. అక్టోబరులో చో సోజాంగ్‌ని సియోల్ రమ్మని ఆర్డరు వచ్చింది. యార్డు పని నెల రోజుల్లో అయిపోతుందనగా సైటు పెద్దని వెనక్కి పిలవటం ఎక్కడా చెయ్యరు. అక్కడ ఆయనకి ఏ పనీ రాసిపెట్టలేదని, ఒక బల్ల, కుర్చీ మాత్రం ఇస్తారని ఇంజినీరు చెప్పాడు.

అప్పటికి నా మనసు కొంచెం కదిలింది. అబూ ఫైసల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మీద గౌరవం ఉంది కాబట్టి, చో సోజాంగ్ మంచివాడని కంపెనీకి ఒక ఉత్తరం రాయమని అడుగుదామనుకున్నాను. అరబ్బుల్లో ఆ అలవాటు ఉంది, పెద్దవాళ్ళు మాట సాయం చేస్తారు. ఆయన కాఫీ తెప్పించాడు. తాగటం అయ్యేదాకా మా ఊరి వానల గురించి అడిగాడు. తర్వాత నేను అడిగింది విన్నాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, చాలక అరబీలోకి వెళ్ళాడు. ఖాదర్ తెలుగులో చెప్పాడు.

ప్లాన్‌లో బరువు తప్పిందని అబూ ఫైసల్ ముందురోజు మధ్యాహ్నమే చూశాడట. తన దగ్గరికి వచ్చిన కాపీ ఆయనా చదివాడు. డైరెక్టరు వస్తున్న రోజున ఆ మాట కాగితం మీద పెడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అందుకని పెయింటు పేరు చెప్పి ప్లాట్‌ఫారం, నిచ్చెన విప్పమన్నాడు. అవి విప్పేస్తే ప్లాన్‌లో రాసిన బరువే అసలు బరువు. దిద్దాల్సింది ఏదీ ఉండదు. చో సోజాంగ్ ఆ మాట వినగానే పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంజినీరుని తలుపేసి కూర్చోబెట్టి పట్టిక అంతా మళ్ళీ కూడించాడు. ఇకమీద ఏది బిగించినా ప్లాన్ దిద్దాకే బిగించాలని ఆజ్ఞ రాసి పెట్టాడు. అది మర్నాడు సాయంత్రం, డైరెక్టరు వెళ్ళాక ఇవ్వాలని ఉంచాడు.

అంటే నేను లేచి చదివే సమయానికి ఆ లిఫ్టులో ప్రమాదం లేదు. నేను ఆపింది ఏదీ లేదు.

అబూ ఫైసల్ ఒక మాట మాత్రం ఇంగ్లీషులోనే, నా వైపు తిరిగి అన్నాడు. నేను విన్నంతవరకు దాని అర్థం ఇది: "నువ్వు పక్కన ఉన్నావు కాబట్టే పెయింటు అని ఊరుకున్నాను. అతనికి అర్థం కాకపోయినా నువ్వు చెబుతావనుకున్నాను."

ఉత్తరం సంగతి ఆయన కాదనలేదు. చూద్దాం అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో కొత్తవాళ్ళకి చెప్పేవాణ్ణి నేనే.

బయట ఖాదర్ నాతో గేటు దాకా వచ్చాడు. నేను, తప్పు తప్పే కదా, లిమ్ చెప్పినా అదే అయ్యేది కదా అన్నాను. ఖాదర్ ఆగాడు.

"గుస్స చెయ్యకు అన్నా. లిమ్ సాబ్ చెప్తే అది డ్యూటీ మాట. అందరు మర్చిపోతుండె. నువ్వు చో సాబ్ కన్నా పెద్దోనివి. మా సాబ్ ముంగట ఆయన తల వంచి నీకు చాయ్ పోసిండు. గసుంటి పెద్దమనిషి పదిమందిల లేచి పేరు తీసిండంటే, ఇగ అది డ్యూటీ మాట కాదు. ఇంట్ల తండ్రి కొట్టినట్టు అయితది. మా దాంట్ల గంతే, వాళ్ళ దాంట్ల గంతే. నీకు ఎర్కనే ఉండె కదా అన్నా."

నాకు తెలుసు. అదే విషయం. ఇద్దరూ ఉద్యోగంలో నాకంటే ఎంతో పైన ఉండి, వయసు చూసి నన్ను పెద్దవాడిగా కూర్చోబెట్టారు. ఆ పెద్దరికం తీసుకోవటానికి నాకు అభ్యంతరం లేకపోయింది. మీటింగులో లేచినప్పుడు మాత్రం నేను కింది ఉద్యోగిని, నిజం చెప్పే హక్కు నాకుంది అనుకున్నాను. ఆ గదిలో వాళ్ళు విన్నది కింది ఉద్యోగి మాట కాదు.

చో సోజాంగ్ వెళ్ళే రోజు యార్డులో అందరికీ చెప్పి వెళ్ళాడు. నా దగ్గరికీ వచ్చాడు. తప్పయిపోయింది అని చెప్పటానికి మాటలు కూర్చుకుని నిలబడ్డాను. ఆయన నా ఆరోగ్యం అడిగాడు, లక్ష్మికి పెళ్ళి కుదిరిందా అని అడిగాడు, తల వంచి ముందుకి కదిలాడు. నలుగురి ముందు ఆ మాట ఎత్తితే ఆయనకి రెండోసారి అవమానం. ఆయన అందుకే నలుగురి మధ్య వచ్చాడని నా అనుమానం. తర్వాత ఇంజినీరు చేత కబురు పంపాను. మర్యాదగా జవాబు వచ్చింది, వానల్లో తడవకుండా జాగ్రత్తగా ఉండమని. మరుసటి ఏడాది ఆయన కంపెనీ నుంచి బయటికి వచ్చేశాడని, సొంత ఊళ్ళో చికెన్ వేయించి అమ్మే దుకాణం పెట్టాడని విన్నాను. ముప్పై దాకా కాలమ్‌లు నిలబెట్టిన మనిషి ఆయన.

అబూ ఫైసల్ పద్ధతి పూర్తిగా ఒప్పని నేను ఇప్పటికీ అనను. తప్పు కాగితం మీదికి ఎక్కకపోతే ఇంకో యార్డులో ఇంకొకడు అదే తప్పు చేస్తాడు. మా పనిలో అలా పోయిన ప్రాణాలు నేను కళ్ళతో చూశాను. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. కాని ఆ రోజు నేను లేచింది ఎవరి ప్రాణం కోసమూ కాదు. అది నిజమైతే బస్సులోంచే ఫోను చేసేవాణ్ణి, మీటింగు దాకా కాగితం సంచీలో పెట్టుకుని కూర్చునేవాణ్ణి కాదు. చదువుకున్నవాళ్ళకి ఇది చిన్న విషయంలా కనబడవచ్చు. ముప్పై ఒకటో ఏట అక్షరాలు దిద్దినవాడికి, నీకు చదవటానికి టైమ్ పడుతుంది అన్న మాట ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలుసు. అయినా అది కారణమే తప్ప సాకు కాదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకో మూడేళ్ళు పనిచేశాను. ప్లాన్లలో తప్పులు ఇంకా పట్టుకున్నాను. ప్రతిసారీ ముందు వస్తువు దగ్గరికి నడిచి వెళ్ళి, అక్కడ ఎవరైనా ఇప్పటికే దాన్ని సరిచేస్తున్నారేమో చూసేవాణ్ణి. చేస్తుంటే సాయం పట్టేవాణ్ణి. చెయ్యకపోతే సంతకం పెట్టినవాడి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళి చెప్పి, ప్లాన్ దిద్దించి, అప్పుడు నా సంతకం పెట్టేవాణ్ణి. బరువు గాల్లో ఉంటే మాత్రం ఎవరున్నా చూడకుండా ఆపించేవాణ్ణి. ఆపించటానికి పేర్లు చెప్పనక్కర్లేదు, ఆపితే చాలు. కొత్తవాళ్ళకి అరబ్బుల గురించి, కొరియావాళ్ళ గురించి పాఠాలు చెప్పటం మానేశాను. అన్నీ తెలిసిన నేనే ఆ పెయింటు మాట ఎదురుగా విని పట్టుకోలేకపోయాను. నేను ఇది నేర్చుకున్నాను. పోయింది మాత్రం ఆయన ఉద్యోగం.